సీటొచ్చింది సరే, చోటేదీ?

మా మేనత్తకో అలవాటుండేది. బంధువుల్లో ఏ ఆడపిల్ల కాలేజీలో చేరుతోందని తెలిసినా, ఎన్ని మార్కులొచ్చాయని అడిగేది కాదు. ఏం చదవబోతున్నావనీ అడిగేది కాదు. "ఎక్కడుంటావే అమ్మాయ్?" అని అడిగేది. "హాస్టల్లో సీటొచ్చింది అత్తయ్యా" అంటే చాలు, "హమ్మయ్య!" అనేది. ఆ తర్వాతే మిగతా సంగతులన్నీను.

ఆవిడ ధోరణికి మేమంతా నవ్వుకునేవాళ్ళం. "అత్తయ్యకి పుస్తకం కన్నా పక్కబట్టలు ముఖ్యం" అని మా అన్నయ్య వేళాకోళం చేసేవాడు. ఆవిడా మాతోపాటే నవ్వేసేది. ఆవిడ పోయి అయిదేళ్ళయింది. ఆ ప్రశ్నలో ఉన్న సంగతేమిటో నాకు మొన్నీమధ్యనే తెలిసింది.

మా చెల్లెలి కూతురికి విశాఖపట్నంలో ఓ కాలేజీలో సీటొచ్చింది. సీటు కోసం పడ్డ ఆరాటం ఒకెత్తు, హాస్టలు కోసం పడ్డది ఇంకొక ఎత్తు. రాజమండ్రిలో మా చెల్లెలింట్లో ఓ ఆదివారం పూట సభ తీరింది. కాలేజీవారి హాస్టలొకటి, ప్రైవేటు హాస్టళ్ళు రెండు, మా మరిదిగారి దూరపు బంధువుల ఇల్లొకటి. వెరసి నాలుగు. పెళ్ళిచూపుల్లో నలుగురు పెళ్ళికొడుకుల ఫోటోలు పరిచినట్టు, సెల్‌ఫోన్లో నాలుగు చోట్ల బొమ్మలూ చూశాం.

"తిండెలా ఉంటుందిట?" అంది మా చెల్లెలు. "గేటెన్నింటికి మూస్తారు?" అన్నారు మా మరిదిగారు. మా అమ్మ ఎనభయ్యారేళ్ళ మనిషి, మంచం మీద నుంచే "పక్క మంచం పిల్ల ఎవరుట? మనవాళ్ళేనా?" అంది. ఇంతసేపూ ఓ మూల కూర్చున్న చిన్నది, అందరి ప్రశ్నలూ అయ్యాక, "గదిలో నాకంటూ ఓ బల్ల ఉంటుందా పెద్దమ్మా?" అని నెమ్మదిగా అడిగింది.

తిండి, గేటు, తోడు, బల్ల. నాలుగే ప్రశ్నలు. ఆ రాత్రి పడుకున్నాక లెక్క వేసుకుంటే నవ్వొచ్చింది. ఆడపిల్ల ఇల్లు దాటి చదువుకోవడం మొదలైన ఈ నూటయాభై ఏళ్ళకు పైగా, ప్రపంచంలో ఎక్కడ చూసినా తల్లిదండ్రులు అడిగినవి ఈ ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పడానికే కొందరు మహా ఇల్లాళ్ళు తమ జీవితాలు ధారపోశారు. అంటే ఆడపిల్లల కాలేజీ చరిత్ర సగం పాళ్ళు హాస్టలు చరిత్రేనన్నమాట!

మగపిల్లల మాట వేరు. వాళ్ళ చదువుకి డబ్బు అడ్డొచ్చిందేమోగాని, చోటు అంతగా అడ్డు రాలేదు. మన పెద్దవాళ్ళు ఎంతమంది వారాలు చేసుకుని చదువుకోలేదు! సోమవారం ప్లీడరుగారింట్లో, మంగళవారం డాక్టరుగారింట్లో, బుధవారం దూరపు పిన్నిగారింట్లో భోజనం. రాత్రి ఏ సత్రంలోనో, ఎవరి వీధి అరుగు మీదనో పడక. వీధి దీపం కింద చదువు. తర్వాత్తర్వాత ఒక్కొక్క కులంవారూ తమ పిల్లల కోసం వసతి గృహాలు కట్టుకున్నారు. హైదరాబాదులో 1918లో మొదలైన రెడ్డి హాస్టలు అలాంటిదే. పల్లెల నుంచి వచ్చిన ఎందరో కుర్రవాళ్ళు అక్కడుండి చదువుకుని ఆ తర్వాత తెలంగాణా ప్రజాజీవితంలో పెద్దవాళ్ళయ్యారు.

సరే, ఓ ఆడపిల్ల వారాలు చేసుకుని చదువుకుందని మీరెప్పుడైనా విన్నారా? నేను వినలేదు. చిత్రమేమిటంటే, ఆ వారాలబ్బాయికి వడ్డించింది ఆడవాళ్ళే. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తండ్రి పోయాక ఒంగోల్లో పూటకూళ్ళిల్లు నడిపి పిల్లల్ని పైకి తెచ్చింది ఆయన తల్లే. అంటే చదువుకునే కుర్రవాళ్ళకి వండి పెట్టడానికి ఆడది కావాలి. ఆ పంక్తిలో ఓ ఆకు వేసుకుని కూర్చోవడానికి మాత్రం చదువుకునే ఆడపిల్లకి చోటు లేదు. అరుగు లేదు, సత్రం లేదు, వారం లేదు. కాబట్టి ఆడపిల్లకి కాలేజీ తలుపు తెరవాలంటే ముందు ఇంకో తలుపు తెరవాలి. అదే హాస్టలు.

ఈ బాధ మనకొక్కరికేననుకోకండి. ఇంగ్లండులోనూ అంతే. అక్కడ ఎమిలీ డేవిస్ అని ఓ పాదిరీగారమ్మాయి ఉండేది. అన్నదమ్ములకి కాలేజీ చదువులు, ఈవిడకి ఇంట్లో చదువు. అది మనసులో పెట్టుకుని, నడివయసు వచ్చాక ఆడపిల్లల కోసం కాలేజీ పెట్టాలని బయల్దేరింది. 1869 అక్టోబరులో అయిదుగురంటే అయిదుగురు అమ్మాయిలతో మొదలుపెట్టింది. ఎక్కడా? కేంబ్రిడ్జిలో కాదు. అక్కడ వేలెడు వేలెడు కుర్రాళ్ళు తిరుగుతూ ఉంటే ఏ తల్లి పంపుతుంది? ఎంతో దూరాన ఉన్న హిచిన్ అనే చిన్న ఊళ్ళో ఓ ఇల్లు అద్దెకు తీసుకుంది. మేష్టర్లే రైలెక్కి వచ్చి పాఠాలు చెప్పి, మళ్ళీ రైలెక్కి వెళ్ళిపోయేవారు. 1873లో గర్టన్ అనే పల్లెకి మారారు. అదీ కేంబ్రిడ్జికి రెండు మైళ్ళ అవతలే! మా మరిదిగారడిగిన గేటు ప్రశ్నకి ఎమిలీ డేవిస్ చెప్పిన జవాబు రెండు మైళ్ళ పొడుగుందన్నమాట.

కానీ ఆవిడ ఇంకో పని కూడా చేసింది. ప్రతి అమ్మాయికీ చదువుకునేందుకు తనదంటూ ఓ గది ఉండి తీరాలని పట్టుబట్టింది. డబ్బు చాలక కట్టడం ఆలస్యమైనా సరే, ఆ ఒక్క విషయంలో తగ్గలేదు. ఎందుకో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో ఆడపిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుందంటే ఖాళీగా ఉన్నట్టు లెక్క. "చుట్టాలొచ్చారు, కాస్త కాఫీ కలుపు." "తమ్ముడేడుస్తున్నాడు, చూడు." "నువ్వూరికే కూచున్నావుగా, ఈ చిక్కుళ్ళు ఈనెలు తియ్యి." ఇంగ్లీషు ఇళ్ళలో కాఫీ బదులు టీ, అంతే తేడా. మన సమయం మన చేతిలో ఉండాలంటే ముందు ఓ తలుపుండాలి, ఆ తలుపు వేసుకునే హక్కుండాలి. వర్జీనియా వుల్ఫ్ అనే రచయిత్రి 1928లో ఆ గర్టన్‌లోనూ, దాని తోబుట్టువు లాంటి న్యూన్‌హాం కాలేజీలోనూ అమ్మాయిలకి ఉపన్యాసాలిచ్చింది. స్త్రీ రాయాలంటే తనకంటూ ఓ గదీ, కాస్త సొంత డబ్బూ ఉండాలన్న ఆవిడ మాట ఆ మరుసటేడు పుస్తకమై లోకమంతా తిరిగింది. చిన్నది అడిగిన బల్ల సంగతి ఇదే కదూ!

అన్నట్టు, ఆ గర్టన్‌లో మన హైదరాబాదు అమ్మాయి కూడా చదువుకుంది. నిజాం ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో 1895లో ఇంగ్లండు వెళ్ళిన సరోజిని. తర్వాత సరోజినీ నాయుడుగారు. అక్కడ అమ్మాయిలు పరీక్షలు రాసి పాసైనా, కేంబ్రిడ్జివారు మగపిల్లలతో సమానంగా డిగ్రీ పట్టా ఇచ్చింది 1948లోనే. చోటు ముందొచ్చింది, పట్టా దాదాపు ఎనభై ఏళ్ళ తర్వాత వచ్చింది.

అమెరికా వాళ్ళు తిండి ప్రశ్న దగ్గర మొదలుపెట్టారు. మేరీ లయన్ అని ఓ పేదింటి పంతులమ్మ ఉండేది. చేతిలో ఓ ఆకుపచ్చ సంచీ పట్టుకుని ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి, 1837లో మసాచుసెట్స్ రాష్ట్రంలో మౌంట్ హోల్యోక్ అనే విద్యాలయం పెట్టింది. పిల్లలు ఎనభైమంది. చదువుకీ బసకీ తిండికీ అంతా కలిపి ఏడాదికి 60 డాలర్లు. అంత తక్కువకి ఎలా గిట్టుబాటయిందంటారా? వంటమనుషుల్నీ పనిమనుషుల్నీ పెట్టలేదు. రోజూ ఓ గంటసేపు పిల్లలే జట్లు జట్లుగా పనిచేసేవారు. రొట్టె చేసే జట్టొకటి, గిన్నెలు కడిగే జట్టొకటి. ధనవంతుల పిల్లయినా అంతే, రైతు పిల్లయినా అంతే. "చదువుకుంటే ఇంటిపని రాదేమో" అని దిగులుపడే తల్లులకి కూడా జవాబు చెప్పినట్టయింది!

ఆ దగ్గర్లోనే 1875లో స్మిత్ కాలేజీ మొదలైంది. మొదటేడు చేరింది పధ్నాలుగుమంది. ఆ కాలేజీవాళ్ళు ఇంకోలా ఆలోచించారు. వందలమంది ఆడపిల్లల్ని ఒకే పెద్ద భవనంలో, లోకం పోకడ తెలియకుండా ఉంచడం మంచిది కాదనుకున్నారు. చిన్నచిన్న ఇళ్ళు కట్టి, ఒక్కొక్క ఇంటికీ ఓ పెద్దావిడని పెట్టి, కుటుంబంలా ఉండమన్నారు. ఈనాటికీ అక్కడ పిల్లలు ఉండేది అలాంటి ఇళ్ళలోనే. కొత్తగా చేరే అమ్మాయి ఏ ఇంట్లో ఉండాలన్నది అక్కడ పెద్ద ముచ్చట. ఆ మాట చదివి, పోనీలే, మేమొక్కరమే కాదు ఇలా తలలు బద్దలు కొట్టుకునేది అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మనదేశం నుంచి ఓ పద్ధెనిమిదేళ్ళ ఇల్లాలు ఓడెక్కింది. ఆనందీబాయి జోషీ. 1883లో ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ళ వైద్య కళాశాలలో చేరడానికి వెళ్ళింది. బయల్దేరేముందు శ్రీరాంపూరులో సభపెట్టి, ఎందుకు వెడుతున్నదీ, అక్కడ ఎలా ఉండబోయేదీ జనానికి చెప్పుకోవలసి వచ్చింది. హిందువుగా వెళ్ళి హిందువుగానే తిరిగొస్తానని మాటిచ్చింది. ఆవిడకి హాస్టలు కాదు, ఓ మనసు దొరికింది. న్యూజెర్సీలో కార్పెంటరు గారనే ఓ అమెరికను ఇల్లాలు, పత్రికలో ఈవిడ సంగతి చదివి, ముఖమైనా చూడకుండానే మా ఇంటికి రమ్మని ఉత్తరం రాసింది. పరాయి దేశంలో శాకాహారం తింటూ, చలికి వణుకుతూ, 1886లో డాక్టరు పట్టా పుచ్చుకుంది. మర్నాటి సంవత్సరమే, ఇరవై రెండేళ్ళైనా నిండకుండా, క్షయతో పోయింది. ఆ కథ చదివినప్పుడల్లా నా కళ్ళు చెమరుస్తాయి. తిండెలా ఉందని మా చెల్లెలు అడిగితే చాదస్తమని నేనెందుకు నవ్వనో ఇప్పుడు చెప్పండి.

ఇక మన సంగతి. ఆ రోజుల్లో కోస్తా, రాయలసీమ జిల్లాల తెలుగువాళ్ళకి పైచదువంటే మద్రాసే. అక్కడ 1914లో ప్రభుత్వం ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా ఓ కాలేజీ తెరిచింది. తర్వాత క్వీన్ మేరీస్ కాలేజీ అయింది అదే. సముద్రం ఒడ్డున, అంతకుముందు హోటలుగా ఉన్న కేపర్ హౌస్ అనే పాత బంగళాలో, 37 మంది పిల్లలతో మొదలైంది. ప్రిన్సిపాలు డొరొతీ డి లా హే అనే ఇంగ్లీషావిడ. మరుసటేడే మిషనరీలు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ పెట్టారు. చూశారా, మద్రాసులో మగపిల్లల కాలేజీలున్నాయి, వాటిల్లో ఒకరో ఇద్దరో ఆడపిల్లలు చదవకపోనూ లేదు. అయినా మారుమూల ఊళ్ళలో ఉన్న తల్లిదండ్రులకి కావలసింది క్లాసురూము కాదు, రాత్రిపూట తమ పిల్లకి పూచీపడే మనిషి.

ఆ కేపర్ హౌస్‌కి కాస్త దూరంలో, అదే సముద్రపు ఒడ్డున, గుండ్రటి భవనం ఒకటుంది. ఐస్ హౌస్. ఒకప్పుడు అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డలు నిలవ చేసిన చోటది. 1897లో వివేకానందస్వామి బసచేసిందీ అక్కడే. ఆ ఇంట్లో సుబ్బలక్ష్మిగారు బాలవితంతువులకి హాస్టలు నడిపారు. ఆవిడా చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. తండ్రి పట్టుదలతో చదువుకుని, 1911లో ప్రెసిడెన్సీ కాలేజీలో పట్టా పుచ్చుకున్నారు. మరుసటేడే, తలచెడి ఇంట్లో మూల కూర్చున్న పసిపిల్లల్ని తెచ్చి చదివించడం మొదలుపెట్టారు. ఎదురొస్తే అపశకునమని జనం మొహం తిప్పుకునే పిల్లలు, పుస్తకాలు పట్టుకుని బయటికి నడిచారు. పంతులమ్మలయ్యారు. మంచుగడ్డలు దాచిన ఇల్లు మనుషుల్ని కరిగించిందన్నమాట.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఇల్లు మొదట బ్రాహ్మణ వితంతువులకి మాత్రమే. ఆనాటి హాస్టళ్ళు చాలావాటిల్లో కులానికో వంటిల్లు, కులానికో పంక్తి. అలా హామీ ఇస్తేగాని పిల్లల్ని పంపని కాలం. "పక్క మంచం పిల్ల మనవాళ్ళేనా?" అన్న మా అమ్మ ప్రశ్నకి మూలం అక్కడుంది. ఆ ప్రశ్న వల్ల కొందరికి హాస్టలు దొరికింది, ఎందరికో దొరక్కుండా పోయింది. తర్వాత ప్రభుత్వం సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు పెట్టవలసి వచ్చిందంటే, ఊళ్ళో ఇల్లద్దెకివ్వని మనుషులుండబట్టే కదా! పేదింటి ఆడపిల్లల కోసం 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు కూడా బడితోపాటు బస ఉన్నవే. ఈ మాటే అమ్మతో అంటే కాసేపు ఊరుకుని, "నిజమేలే. ఆ పిల్ల తల్లీ మనల్ని గురించి అలాగే అడుగుతుందిగా" అంది.

ఇప్పుడు విశాఖపట్నానికి వద్దాం. చిన్నది వెళ్ళబోయే ఊరు అదే, ఈ కథలో నాయిక బయల్దేరింది మా రాజమండ్రి నుంచే.

దుర్గాబాయిగారు 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దనుకున్నారు. 1923 కాకినాడ కాంగ్రెసులో, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో ఆపిన పధ్నాలుగేళ్ళ వాలంటీరు ఆవిడే. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. జైల్లో తమ కేసేమిటో తమకే తెలియని అమాయకపు ఆడవాళ్ళని చూసి, లా చదవాలనుకున్నారు. అప్పటికింకా ఆవిడ మెట్రిక్కయినా పాసవలేదు! కష్టపడి చదివి, బెనారసు పరీక్షలు రాసి, బి.ఏ. ఆనర్సు కోసం వాల్తేరు వచ్చారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టి, బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరింది. దుర్గాబాయిగారు వెళ్ళేసరికి వైస్ చాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆయన మహా పండితుడు, పాతకాలపు మనిషి కాడు. అయినా ఆయనకో ఇబ్బందొచ్చింది. ఆడపిల్లలకి హాస్టలు లేదు, చేర్చుకుంటే ఎక్కడుంచడం? అంటే మా అత్తయ్య ప్రశ్నే!

ఇంకొకరైతే తిరుగు రైలెక్కేవారు. దుర్గాబాయిగారు పత్రికలో ప్రకటన వేయించారు. హాస్టలు లేకపోవడం వల్ల చదువు మానుకున్న అమ్మాయిలెవరైనా ఉంటే తనకి తెలియజేయమన్నారు. జవాబులొచ్చాయి. ఆ పిల్లలంతా ఒకచోట చేరి తామే ఓ హాస్టలు ఏర్పాటు చేసుకున్నారు. ఇక కాదనడానికి ఏముంది? సీటిచ్చారు. 1939లో ఆవిడ ఆనర్సు పాసయ్యారు, 1942లో లా. ఆ తర్వాతవన్నీ మీకు తెలిసినవే. ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభ, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, 1958లో స్త్రీ విద్యపై వేసిన జాతీయ సంఘానికి అధ్యక్షత.

ఆ ప్రకటన గురించి నేను చాలాసేపు ఆలోచించాను. ఆడపిల్లలు రావడం లేదు గనక హాస్టలు అక్కర్లేదని పెద్దలు. హాస్టలు లేదు గనక వెళ్ళడం లేదని ఆడపిల్లలు. చెట్టు ముందా విత్తు ముందా? ఈ ముడి విప్పడానికి ఆవిడకి పట్టింది పత్రికలో నాలుగు పంక్తులు. ఇంతకాలం ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క పిల్ల, ఈ బాధ తనొక్కర్తిదేననుకుని కూర్చుంది. ప్రకటన చూసి ఉత్తరం రాశాక తెలిసింది, తనలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారని.

ఇంక మిగిలింది మా మరిదిగారి గేటు. ఇల్లు లాంటి హాస్టలు అని తల్లిదండ్రులకి హామీ ఇచ్చి పిల్లల్ని చేర్చుకున్నారు కాబట్టి, ఇంటి కట్టుబాట్లన్నీ హాస్టల్లోకి నడిచొచ్చాయి. అమెరికాలో కూడా 1960ల దాకా చాలా కాలేజీల్లో రాత్రి ఇన్నింటికల్లా లోపలుండాలన్న నియమం ఆడపిల్లలకే, మగపిల్లలకి లేదు. మన దగ్గర అది ఇంకా నలుగుతూనే ఉంది. ఢిల్లీలో 2015లో కాలేజీ అమ్మాయిలు 'పంజరం బద్దలుకొట్టు' అంటూ రోడ్డెక్కారు. భద్రత పేరు చెప్పి ఆడపిల్లల హాస్టళ్ళకో రూలు, మగపిల్లలకో రూలు పెట్టకూడదని యు.జి.సి. తన నిబంధనల్లో రాసింది. 2022లో కేరళ హైకోర్టు ముందుకి కూడా మెడికల్ కాలేజీ అమ్మాయిలు రాత్రి తొమ్మిదిన్నర గేటు సంగతే తీసుకెళ్ళారు.

నేను గేటు అక్కర్లేదనే మనిషిని కాను. పిల్లని పంపిన తల్లికి ఆ గేటు చప్పుడే ధైర్యం. కానీ మరిదిగారితో ఓ మాట అన్నాను: "గేటెన్నింటికి మూస్తారని కాదండీ అడగాల్సింది. అర్ధరాత్రి పిల్లకి జ్వరమొస్తే ఎంతసేపట్లో తెరుస్తారని అడగండి." ఆయన కాసేపు ఆలోచించి, కాగితం మీద రాసుకున్నారు.

అప్పుడు మా అమ్మ మంచం మీద నుంచి లేచి కూర్చుంది. "మీ అత్తయ్యకీ సీటొచ్చింది, తెలుసా?" అంది.

మాకెవరికీ తెలియదు.

1952లోట. ఎస్సెల్సీలో అత్తయ్యకి మంచి మార్కులొచ్చాయి. ఓ పట్నంలో కాలేజీవాళ్ళు ఇంటరులో సీటిచ్చారు. మా తాతగారు కాదనలేదు. కొత్త ట్రంకుపెట్టె కొన్నారు, మూత మీద పేరు రాయించారు. తీరా వెడితే అక్కడ మగపిల్లలకి హాస్టలుంది, ఆడపిల్లలకి లేదు. ఎరిగున్న ఓ ఇంట్లో అడిగితే, "ఎదిగిన పిల్ల పూచీ మావల్ల కాదు బాబూ" అన్నారు. మూడు రోజులు ఊరంతా తిరిగారుట తాతగారు, సత్రంలో కూతుర్ని కూర్చోబెట్టి. నాలుగో రోజు పొద్దున్నే ట్రంకుపెట్టెతో సహా ఇద్దరూ తిరిగొచ్చేశారు. మరుసటేడు పెళ్ళయింది. ఆ పెట్టే కాపురానికి వెళ్ళింది.

ఆ పెట్టె నాకు తెలుసు. అందులో అత్తయ్య ఊరగాయ జాడీలకి కట్టే పాతగుడ్డలు పెట్టేది. మూత మీద తెల్లరంగుతో ఏదో రాసి ఉండేది, చెరిగిపోయి కనబడేది కాదు.

తాతగారి తప్పేం లేదు. అత్తయ్యకి బుద్ధి లేకనా? మార్కులు రాకనా? డబ్బు లేకనా? అన్నీ ఉన్నాయి. ఓ మంచం పట్టేంత చోటు లేదు, అంతే. అలాంటి ట్రంకుపెట్టెలు తెలుగుదేశంలో ఎన్ని తిరిగొచ్చాయో ఎవరు లెక్కపెట్టారు? చదువు మానేసిన ఆడపిల్ల అని రాస్తారు గాని, చోటు దొరకని ఆడపిల్ల అని ఏ రిజిస్టర్లోనూ రాయరు కదా!

ఆ తర్వాత మా సభ త్వరగానే ముగిసింది. బంధువుల ఇల్లు అని అప్పటిదాకా మొగ్గుతున్న మరిదిగారే, "దాన్నే తీసుకెళ్ళి చూపిద్దాం, ఎక్కడుంటానంటే అక్కడే" అన్నారు. అందరం వైజాగు వెళ్ళాం. మీలో ఎవరైనా ఈ పనిమీద బయల్దేరబోతుంటే నా అనుభవం నాలుగు ముక్కలు చెబుతాను. ఆఫీసురూములో కూర్చుని మాట్లాడి వచ్చేయకండి. భోజనాల వేళకి వెళ్ళండి. పదిమందికి ఒక స్నానాలగదా, పాతికమందికి ఒకటా లెక్కపెట్టండి. ఎండాకాలం నీళ్ళొస్తాయా అని వార్డెనుని కాదు, పై క్లాసు పిల్లల్ని అడగండి. ర్యాగింగుని నేరం చేసిన చట్టం మన రాష్ట్రంలో 1997 నుంచీ ఉంది, ఫిర్యాదు ఎవరికి చేయాలో గోడమీద రాసి ఉందో లేదో చూడండి. ఇవన్నీ అయ్యాక, మీరు కాస్త బయట నిలబడి, పిల్లని ఒక్కర్తినీ ఆ గదిలో అయిదు నిమిషాలు కూర్చోనివ్వండి.

మా చిన్నది మూడు చోట్లా కూర్చుని చూసింది. ప్రైవేటు హాస్టళ్ళలో ఒకదాంట్లో చల్లటి మిషనుంది, ఇంకోదాంట్లో టీవీ ఉంది. కాలేజీ హాస్టల్లో గోడలు పెచ్చులూడాయి. కానీ కిటికీ పక్కన ఓ పాత టేకుబల్ల ఉంది, దానికి సొరుగుంది, సొరుగుకి తాళం ఉంది. "ఇక్కడ" అంది.

పక్క మంచం పిల్ల శ్రీకాకుళం అవతల ఓ పల్లె నుంచి వచ్చింది. వాళ్ళింట్లో కాలేజీకొచ్చిన మొదటి పిల్లట. వాళ్ళమ్మ మా చెల్లెలి చెయ్యి పట్టుకుని, "మా దానికి కాస్త తోడుండమని మీ పాపకి చెప్పండమ్మా" అంది. మా చెల్లెలూ సరిగ్గా అదే మాట అనబోతోంది. ఇద్దరూ నవ్వుకుని, ఇద్దరూ కళ్ళొత్తుకున్నారు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు రాత్రి చిన్నది ఫోను చేసింది. "పెద్దమ్మా, ఇడ్లీ రాయిలా ఉంది. చట్నీ నీళ్ళలా ఉంది. బల్ల మాత్రం బాగుంది" అంది.

నాకు తెలియకుండానే "హమ్మయ్య!" అన్నాను.